అత్తగారు వెళ్లే తేదీ

ఆ బుధవారం ఉదయం బుజెమా పెట్టుకున్న పని చిన్నదే. మేడ మీది గదుల తలుపులకు నీలం రంగు వేసి, గుమ్మం పక్కన కొత్త పేరుపలక బిగించాలి. సముద్రపొడ్డు పట్టణం అసీలాలో కోటగోడల లోపలున్న ఆ ఇంట్లో పై రెండు గదులను యాత్రికులకు రోజుల లెక్కన అద్దెకిచ్చుకోవచ్చని పురపాలక కార్యాలయం పది నెలలు తిప్పుకుని అనుమతి ఇచ్చింది. మొదటి అతిథులు, ఒక హాలెండు జంట, శుక్రవారం మధ్యాహ్నానికి దిగుతున్నారు.

ఈ పది నెలల్లో బుజెమాకు నియమాలు కంఠతా వచ్చేశాయి. ముప్పై ఏళ్లు తపాలా కార్యాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే భోజనం సయించదు. అనుమతి ఉన్న గదిలో ఎవరు పడుకున్నా ఆ రోజే ఫారం నింపి ఠాణాలో ఇవ్వాలి, తలకింత అని పట్టణ పన్ను కట్టాలి. "ఎవరు పడుకున్నా" అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత కూడా గీసుకున్నాడు.

రెండో తలుపు సగంలో ఉండగా వీధిలోంచి కేక వినిపించింది. అత్తగారు లల్లా తామో తన ఇద్దరు చెల్లెళ్లతో పక్క ఊరు లరాష్ నుంచి బస్సులో వచ్చి దిగింది. ఒక చేతిలో చక్కెర దిమ్మ, ఇంకో చేతి బుట్టలో బతికున్న కోడి.

"ఇంటిని పెళ్లికూతుర్ని చేశావటగా అల్లుడూ! చూసిపోదామని వచ్చాం."

బుజెమా భార్య జహూర్ సంబరంగా తల్లినీ పిన్నులనూ మేడెక్కించి కొత్త పరుపుల మీద కూర్చోబెట్టింది. బుజెమా చేతిలో కుంచె ఆగిపోయింది.

"అక్కడెందుకు పెట్టావే? అవి అనుమతి గదులు!"

"మరి మా అమ్మను వంటింట్లో పడుకోబెట్టనా?"

కాదనే ధైర్యం అతనికి లేదు. నియమం తప్పే ధైర్యం అంతకన్నా లేదు. పుదీనా టీతో పాటు మూడు ఫారాలూ పట్టుకుని మేడెక్కాడు.

"అత్తయ్యా, చిన్న పని. మీరు పుట్టిన తేదీ?"

"మిడతలు పడ్డ ఏడాది. కోతలప్పుడు."

బుజెమా అలాగే రాసుకున్నాడు. "వచ్చిన పని?"

"నా కూతుర్ని చూడ్డానికి. నిన్ను కాదులే, కంగారుపడకు."

"తిరిగి వెళ్లే తేదీ?"

లల్లా తామో టీ గ్లాసు కింద పెట్టింది.

"జహూర్! ఇలా రావే! గ్లాసులో టీ చల్లారకముందే నీ మొగుడు నన్నెప్పుడు పోతావని అడుగుతున్నాడు!"

"అయ్యో, అలా కాదత్తయ్యా, గడి ఉంది..."

"ఉందా? అయితే నింపుకో. అల్లాహ్ పిలిచినప్పుడు పోతాను! నా చెల్లెళ్లకూ అదే రాయి."

కోపంలో అన్న మాటని ఇంకొకరైతే వదిలేసేవాళ్లే. బుజెమా మూడు ఫారాల్లోనూ 'అల్లాహ్ పిలిచినప్పుడు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సాయంత్రంలోగా ఠాణాలో ఇచ్చి, పన్ను కట్టి రసీదు తీసుకున్నాడు.

లల్లా తామో నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు పొద్దున రొట్టెలు కాల్పించుకోవడానికి వీధి పొయ్యి దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పింది. రొట్టెలు కాలేలోపు ఆ కథ కూడా పొంగింది. పదిగంటలకల్లా 'బుజెమా అత్తగారి దగ్గర అద్దె వసూలు చేస్తున్నాడు' అని ఊరంతా పాకింది. మంగలి అతనికి గడ్డం గీయనన్నాడు. మధ్యాహ్నానికి లరాష్‌లో ఉన్న ఆవిడ కొడుకులకు ఫోను వెళ్లింది. సాయంత్రానికి పెద్దకొడుకు అయ్యాద్, తమ్ముడు, ఇద్దరి పెళ్లాలు, నలుగురు పిల్లలు గుమ్మంలో నిలబడ్డారు.

"మా అమ్మను పొమ్మన్నావట!"

"పొమ్మనలేదు బావా, ఎప్పుడని మాత్రమే అడిగాను."

సర్దిచెప్పేసరికి చివరి బస్సు వెళ్లిపోయింది. ఎనిమిది మందీ మేడ మీదే సర్దుకున్నారు. బుజెమా కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుని ఇంకో ఎనిమిది ఫారాలు తీశాడు.

"బావా, వచ్చిన పని?"

"నీతో దెబ్బలాడ్డానికి!"

అదీ రాసి, ఆ రాత్రే ఠాణాలో ఇచ్చి పన్ను కట్టి వచ్చాడు.

శుక్రవారం పదకొండు గంటలకు పురపాలక అధికారిణి నుజ్‌హా చంకలో దస్త్రంతో వచ్చింది. వంటింట్లో కుస్‌కుస్ అనే గోధుమరవ్వ వంటకం ఉడుకుతోంది, ఇల్లంతా పిల్లలు.

"మీరేనా బుజెమా? రోజుల లెక్కన అనుమతి తీసుకుని శాశ్వతంగా అద్దెకిచ్చారని ఠాణా నుంచి కాగితం వచ్చింది. ముగ్గురు ఆడవాళ్లు పోయేదాకా ఇక్కడే ఉంటారని మీరే రాసిచ్చారు. దానికి అనుమతి వేరు, పన్ను వేరు. ఇంకొకాయన వచ్చిన పని దెబ్బలాటట. ఏమిటిది? మీ అనుమతి రద్దు చేయమంటారా?"

బుజెమాకు పది నెలల తిరుగుడూ కళ్లముందు తిరిగింది. అప్పుడు మెట్ల మీద లల్లా తామో కనిపించింది. రెండు రోజులుగా అల్లుణ్ని తిడుతున్న మనిషి కొంగు బిగించి దిగివచ్చింది.

"ఎవరమ్మా నువ్వు, నా అల్లుణ్ని గద్దించడానికి? నా దగ్గర అద్దె పుచ్చుకున్నాడని ఏ నోరు కూసింది? మా తలపన్ను కూడా తన జేబులోంచి కట్టాడు! ఇలాంటి అల్లుడు మీ ఇంట్లో ఉన్నాడా?"

వెనకే అయ్యాద్ కూడా వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు. "దెబ్బలాట అయిపోయింది మేడమ్. ఇంట్లో విషయం."

నుజ్‌హా పదకొండు ఫారాలూ చూసింది. మెల్లగా నవ్వు ఆపుకుంది.

"అంటే వీళ్లంతా చుట్టాలా? డబ్బివ్వని చుట్టాలకు ఫారం అక్కర్లేదండీ, పన్నూ లేదు. నియమాల కాగితం వెనకవైపు ఉంది. చూళ్లేదా?"

ముప్పై ఏళ్లు కవర్ల ముందువైపే చదివిన బుజెమా తల దించుకున్నాడు. ఆమె ఫారాలు రద్దు చేసి, కట్టిన పన్ను వాపసుకు దరఖాస్తు చేతిలో పెట్టింది. అందులో గడులు చూసి అతని ముఖం వెలిగింది. వంట వాసన తగిలిన మనిషిని తినకుండా పంపకూడదని ఆమెను ఎవరూ వెళ్లనివ్వలేదు. పెద్ద పళ్లెం చుట్టూ అంతా కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే సంచులతో హాలెండు జంట దిగింది. అయ్యాద్ వాళ్లు పరుపులు డాబా మీదికి మోసుకుని ఒక గది ఖాళీ చేశారు. మూడు రోజులు ఇల్లు తిరునాళ్లలా సాగింది. లల్లా తామో ఆ దొరసానికి కుస్‌కుస్ చేయడం నేర్పింది, అయ్యాద్ దొరగారికి పాటలు వినిపించాడు, బావామరుదులు దెబ్బలాడుకుని మళ్లీ కలిసిపోయారు. సోమవారం పొద్దున చుట్టాలంతా బస్సెక్కారు. లల్లా తామో అల్లుడి తల నిమిరి మరీ వెళ్లింది.

మంగళవారం అతిథులు కూడా వెళ్లాక, బుజెమా ఆశగా వాళ్లు పుస్తకంలో రాసిన అభిప్రాయం చదివాడు. "గది శుభ్రం, భోజనం అద్భుతం, కుటుంబ నాటకం మరీ బాగుంది; కానీ సోమవారం నుంచి ముందుగా చెప్పకుండా ప్రదర్శన ఆపేశారు."