ఐదూ ఐదు

ఆ ఆదివారం పొద్దున మార్త పెట్టుకున్న పని చిన్నదే. ఇబ్రహీంపట్నం చర్చిలో ఆరాధన అయ్యాక, చల్లపల్లి నుంచి వచ్చే క్రిస్టినా గారూ, ఆవిడ కొడుకు ఫిన్నీ తన కూతురు హెప్సిబాను చూస్తారు. ఇంట్లో భోంచేసి నిశ్చితార్థం తేదీ చెప్పి వెళతారు. పిల్లకు ముప్పై దగ్గర పడ్డాయి. ఇది పదకొండో సంబంధం. బయోడేటాలో ఎత్తు ఐదూ ఐదని ఉంది కనుక కాళ్లకు మూడంగుళాల హీల్స్. అసలు ఎత్తు ఐదూ రెండు. అందరూ రాస్తారు కదా అని రాసింది; నాలుగేళ్లు చెప్పి చెప్పి తనే నమ్మేసింది.

చర్చి ఆవరణలో ఆ రోజే ఉచిత వైద్య శిబిరం పెట్టారు. "ఊరికే కదమ్మా, చూపించుకుందాం రా," అని క్రిస్టినా హెప్సిబా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

"చెప్పులు విప్పి ఎక్కండి," అంది నర్సు. బరువు మిషన్ ఎత్తుగా ఉంది కాబట్టి తేడా కనబడక మార్త పరువు నిలిచింది. నలభై ఆరు కిలోలు.

"ఎత్తు కొలిచే కడ్డీ తేలేదండీ. ఎంతో చెప్పండి."

"ఐదూ..." అని హెప్సిబా నోరు తెరిచింది.

"ఐదూ ఐదు!" అంది మార్త, ఆమేన్ అన్నంత గట్టిగా.

నర్సు బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించింది. "బీఎమ్ఐ పదహారు తొమ్మిది. పద్దెనిమిదిన్నరకీ ఇరవై మూడుకీ మధ్య ఉండాలండీ. అమ్మాయి బాగా తక్కువ. టెస్టులు చేయించండి."

ఫిన్నీ ఐదూ పది అని చెప్పాడు. ఇరవై మూడు లోపే వచ్చింది.

భోజనాల దగ్గర క్రిస్టినా ఒక్కటే అడిగింది. "దగ్గేమన్నా ఉందామ్మా?"

తేదీ చెప్పకుండానే వెళ్లింది. సాయంత్రానికి ఊళ్లో పిల్లకు టీబీ అన్నారు. బుధవారానికి రక్తం ఎక్కిస్తున్నారన్నారు. మళ్లీ ఆదివారం పాస్టర్ గారు పేరు పెట్టి ప్రార్థన చేశారు.

"మూడంగుళాలు తీసి లెక్క చూడవే అమ్మా. నాకేం లేదు," అంది హెప్సిబా.

"చదువుకున్న నర్సు ఊరికే అంటుందా? లోపల ఏముందో ఏమో!" మార్త సున్నుండ ఆమె నోట్లో కుక్కింది. అబద్ధం తనదేనని తెలుసు. భయానికి మాత్రం తెలియలేదు.

మూడు వారాలకు క్రిస్టినా ఫోన్ చేసింది. "బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టరు గారున్నారు వదినగారూ. మా ముందే చూపిద్దాం."

ఎక్స్‌రే, రక్తం అన్నీ బాగున్నాయి. డాక్టరు హెప్సిబాను గోడకి ఆనించి నిలబెట్టాడు. "ఐదూ రెండు. నలభై ఎనిమిది కిలోలు. బీఎమ్ఐ పంతొమ్మిది దాటింది. నిక్షేపంలా ఉంది. ఎవరండీ జబ్బన్నది?"

మార్త భోరుమంది. "ప్రభువా, నా బిడ్డకేం లేదు!"

"మూడంగుళాలు లేవు," అంది క్రిస్టినా.

డాక్టరు పనిలో పనిగా ఫిన్నీనీ నిలబెట్టాడు. ఐదూ ఏడు. బీఎమ్ఐ ఇరవై ఐదు. "నడక మొదలుపెట్టు బాబూ," అన్నాడు.

"మగపిల్లాడు, వాడికేం," అని క్రిస్టినా లేచింది. "ఆడపిల్లవాళ్లే అబద్ధాలాడితే ఇంకెవర్ని నమ్ముతాం?"

తిరిగొచ్చే బస్సులో హెప్సిబా హీల్స్ విప్పి ఒళ్లో పెట్టుకుంది. "పాదాలు హాయిగా ఉన్నాయమ్మా," అంది. కళ్లు మాత్రం తుడుచుకోలేదు.

మార్త దేవుడికి భయపడి కొత్త బయోడేటాలో ఐదూ రెండని నిజమే రాసింది. చూసినవాళ్లు మామూలుగా తీసేసే మూడంగుళాలూ తీసేసి, పిల్ల ఐదడుగులు కూడా లేదన్నారు.