సారు చూసిండు, దేశం పెరిగింది

ఒక్క ట్రిప్పులో మీ పని చేసి పంపించే సర్కారు ఆఫీసు ఏదైనా ఉందా? ఉంటే వెంటనే దాని మీద ఫిర్యాదు చేయండి! అది దేశ ప్రగతికి అడ్డం పడుతోంది.

నవ్వకండి. ఇది వేళాకోళం కాదు, ఎకనామిక్స్. అనుమానముంటే మెదక్‌లో మదన్ మోహన్ గారిని అడగండి, చాయ్ తాగించి మరీ చెబుతారు. ఆయన సేవల కొలత అధికారి. అంటే సర్కారు ప్రజలకు ఎంత సేవ చేస్తోందో కొలిచి, దేశ ఆదాయంలో కలపమని పైకి పంపే మనిషి. మనం బియ్యం కొలుస్తాం, బట్ట కొలుస్తాం. ఆయన దయను కొలుస్తారు!

అది తేలిక పని అనుకుంటున్నారా? మిర్చి బజ్జీకి ధర ఉంది. ప్లేటు ఎంతో రాందాస్ చౌరస్తాలో ఎవర్ని అడిగినా చెబుతారు. మరి సర్కారు దవాఖానలో బీపీ చూస్తే దాని ధరెంత? ఊరికే చూస్తారు కదా! ధర లేనిదాన్ని దేశ ఆదాయంలో ఎట్లా కలపాలి? దీని మీద పెద్దలు బుర్రలు బద్దలు కొట్టుకుని చివరికి ఓ ఉపాయం కనిపెట్టారు. సేవకు ఎంత ఖర్చయిందో, సేవ విలువ అంతే! జీతాలిచ్చామా? సేవ జరిగినట్టే.

ఎంత సుఖమో ఆలోచించండి. డాక్టరు కుర్చీలో ఉన్నా వైద్యమే, కుర్చీ మీద తువ్వాలు ఉన్నా వైద్యమే. లైబ్రరీకి తాళం వేసి ఉన్నా వాచ్‌మన్ జీతం తీసుకుంటే జ్ఞానం ఉత్పత్తి అయినట్టే. పీఆర్సీ వచ్చి టీచర్ల జీతాలు పెరిగాయా, తెల్లారేసరికి బడి పిల్లలకు చదువు పెరిగిపోయినట్టే! ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను కూడా కరెంటు బిల్లు మేరకు దేశసేవ చేస్తుంది. ఇంత ప్రశాంతంగా సాగుతున్న పద్ధతిని ఎవరో చెడగొట్టారు. "ఖర్చును కాదు, సేవను లెక్కపెట్టండి. ఎంతమందికి అందిందో చెప్పండి" అన్నారు. ప్రయోగానికి మెదక్‌ను ఎంచుకున్నారు.

ఇంకొకరైతే పరేషాన్ అయ్యేవారు. మదన్ మోహన్ గారు కాలేదు. శంకరంపేటలో పొలాలున్న ఇంట్లో పుట్టి, కల్లంలో వడ్లు కొలుస్తుంటే పక్కన నిలబడి పెరిగిన మనిషి. కొలత అనేది కొలిచేవాడి చేతివాటాన్ని బట్టి ఉంటుందని ఆయనకు చిన్నప్పుడే తెలుసు. బాగా ఆలోచించి, దవాఖాన గేటు దగ్గర అడగడానికి ఒకే ఒక్క ప్రశ్న తయారుచేశారు. "సారు మిమ్మల్ని చూసిండా?" చూసిండంటే ఒక సేవ. లేదంటే సున్నా. అంతే!

ఆ ప్రశ్న అడిగే పని కావ్యది. కాంట్రాక్టు మీద చేరిన సర్వే అమ్మాయి, చేగుంట నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఇంతకీ ఏ దవాఖాన అని మాత్రం అడక్కండి. ఒకదాని పేరు చెబితే మిగతావి చిన్నబుచ్చుకుంటాయి.

మొదటి వారానికే అంకెలు ఆకాశానికి ఎగిరాయి. లోపలికి పోయినవాళ్లలో దాదాపు అందరూ "చూసిండు" అంటున్నారు. కంటి వార్డులో అయితే కాదన్నవాళ్లే లేరు! ఇది చూసి మిగతా ఆఫీసులూ మేల్కొన్నాయి. అర్జీలు తీసుకునే ఓ ఆఫీసులో "సారు మీ గోడు విన్నడా?" అని అడగడం మొదలుపెట్టారు. "విన్నడు" అన్నారు జనం. పాపం వినడానికేం, చెవులున్నాయి కదా. ఇంకో ఆఫీసువాళ్లు "ఫోన్ ఎత్తిండ్రా?" అని అడిగితే "ఎత్తిండ్రు, మళ్ల పెట్టేసిండ్రు" అన్నారట. ఎత్తడం ఒక సేవ, పెట్టడం ఇంకో సేవ. జిల్లా అంతటా ప్రగతి పొంగిపొర్లింది.

మదన్ మోహన్ గారు మురిసిపోయారు. కావ్యకే అనుమానం పట్టుకుంది. ఓరోజు ట్యాబ్ పట్టుకుని వచ్చి ఆయన టేబుల్ ముందు నిలబడింది.

"సార్, జర తేడా కొడుతుంది. కండ్ల డాక్టర్ సారు జీపు దిగి లోపలికి పోయేటప్పుడు బెంచీల దిక్కు చూసుకుంట పోతుండు. గంతే. వీళ్లు గదే చెప్తున్నరు. చూసిండంటే నిజంగనే చూసిండు సార్, కండ్లతోని."

"మరి డాక్టర్ దేంతోని చూడాలె? చెవులతోనా?"

"గట్ల కాదు సార్. పరీక్ష చేయలే, ఆపరేషన్ చేయలే..."

"కావ్యా, నీది తెలుగు మీడియమేనా? జరమొస్తే మనమేమంటం? డాక్టర్‌కు చూపించుకున్న అంటం. చూసుడంటేనే వైద్యం. భాషలనే ఉన్నదమ్మా, నేను పుట్టించిన్నా?"

ఇంత చక్కటి వాదన మీకెక్కడైనా దొరుకుతుందా? అయినా ఆ పిల్ల ఊరుకోలేదు.

"అయితే ఇంకొక్క ప్రశ్న పెడదాం సార్. మీకిప్పుడు కనవడ్తుందా అని."

ఆయన ఉలిక్కిపడి తలుపు వైపు చూశారు, ఎవరైనా విన్నారేమోనని. "అది ఫలితం. మనం కొలిచేది ఉత్పత్తి. రెండు ఒక్కతాన కలపొద్దు. ఫలితాలు అడుగుడు మొదలుపెడితే దేశమంత ఆగమైతది!" అని ఆమెను మళ్లీ గేటు దగ్గరికి పంపించారు.

ఇక కంటి వార్డు సాధించిన విజయం గురించి చెప్పాలి. దానికి కారణం ఒక బుగ్గ, అదే, లైటు బల్బు. కన్ను ఆపరేషన్ చేసేటప్పుడు డాక్టరు తలవంచి చూసే పెద్ద మిషన్ ఉంటుంది కదా, అందులో వెలిగే బుగ్గ మాడిపోయింది. కొత్తది కావాలని పైకి రాశారు, రాలేదు. అదే మన అదృష్టం! బుగ్గ వెలిగి ఉంటే ఏమయ్యేది? ముసలమ్మ ఒక్కసారి వచ్చి, చూపు తెచ్చుకుని, ఇంటికి పోయి టీవీ ముందు కూర్చునేది. ఉత్పత్తి ఒకటి! బుగ్గ మాడింది కాబట్టి వారం వారం వస్తోంది, బెంచీ మీద కూర్చుంటోంది, సారు చూస్తున్నాడు. ఇప్పుడు ఉత్పత్తి ఎంతో మీరే లెక్కేసుకోండి. ఎవరైనా తెలివితక్కువవాడు ఆ బుగ్గ మార్చి ఉంటే జిల్లా పరువు ఏం కావాలి?

ఈ ప్రగతిలో మదన్ మోహన్ గారి ఇంటి వాటా కూడా ఉంది. ఆయన తల్లి లలితమ్మకు రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లాలు. ఎడమ కన్ను ముందే మసకబారింది, కుడిది దాని వెంట పోతోంది. పచ్చీసు ఆడితే గవ్వలు ఎన్ని వెల్లకిలా పడ్డాయో పక్కింటివాళ్లు చెబితే తప్ప ఆమెకు తెలియదు. వాళ్లు చెప్పే పందెం ఎప్పుడూ వాళ్లకే లాభంగా ఉంటుంది. ఇంకా ముదిరితే ఆపరేషన్ చేసినా చూపు సరిగా రాకపోవచ్చని తెలిసిన డాక్టరు ఒకాయన హెచ్చరించాడు కూడా.

కొడుక్కి కారుంది. హైదరాబాద్ పెద్ద దూరమూ కాదు. కానీ సేవలను కొలిచే అధికారి కన్నతల్లే ప్రైవేటుకు పోతే లోకం ఏమనుకుంటుంది? పైగా మెదక్ కొలతలు అద్భుతంగా ఉన్నాయని విని, పైనుంచి పెద్దసార్లు చూడటానికి వస్తున్నారు.

"అమ్మా, జర ఓపిక వట్టు. మన దవాఖాననే ఇప్పుడు నంబర్ వన్" అన్నారు ఆయన.

"నీ ఆఫీసు మాట నేను కాదంటనా బిడ్డా? పోత తీయి" అంది లలితమ్మ.

అట్లా ఆమె కూడా వారం వారం పోయి ఆ బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఇంటికి రాగానే కొడుకు అడిగేవారు, సారు చూసిండా అని. "చూసిండు. మంచిగనే చూసిండు. జర జర కనవడ్తుంది" అనేది. ఆ తర్వాత చాయ్‌ని కప్పు పక్కన పోసేది. అది చూస్తే మదన్ మోహన్ గారికి గుండె జారేది. చప్పున జిల్లా అంకెలు గుర్తు తెచ్చుకునేవారు, భయం తగ్గేది.

పెద్దసార్లు వచ్చే ముందురోజు ఆయన స్వయంగా దవాఖానకు పోయి, కావ్య పక్కన గేటు దగ్గర నిలబడ్డారు. ఏర్పాట్లన్నీ బాగున్నాయి. కంటి వార్డు నుంచి ముందుగా యాదవ్వ వచ్చింది. ఆమె మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది, బెంచీ మీద లలితమ్మ పక్క సీటు ఆమెదే.

"సారు చూసిండా యాదవ్వా?" అని కావ్య అడిగింది.

"చూడక ఏమైతది బిడ్డా! ఇయ్యాల రెండుసార్లు చూసిండు. లోపలికి పోయేటప్పుడోసారి, బయటికి వచ్చేటప్పుడోసారి. కొత్తిమీర కట్టలల్ల గడ్డి వస్తుందని గిరాకీలు తిడుతుండ్రు. నాకు ఏది గడ్డో, ఏది కొత్తిమీరో ఎరుక అయితలేదు. మందన్నా ఇయ్యమంటే మళ్ల రమ్మన్నరు."

మదన్ మోహన్ గారు కావ్య చెవి దగ్గరికి వంగారు. "రెండు రాయి" అన్నారు మెల్లగా.

ఆ వెనకే లలితమ్మ వచ్చింది. ఒక చెయ్యి గోడకు ఆనించి, చెప్పుతో ముందు నేలను తడిమి, అప్పుడు అడుగు వేస్తోంది. ఇంట్లో అలవాటైన గదుల మధ్య ఆమె ఇట్లా నడవగా ఆయన ఎప్పుడూ చూడలేదు. పిలవబోయి ఆగిపోయారు. కావ్య ఓసారి ఆయన ముఖం చూసి, ఆమెను అడిగింది.

"సారు చూసిండా అమ్మా?"

"చూసిండో లేదో నాకేం ఎరుక బిడ్డా? నాకు కనవడ్తదా? చూసిండని యాదవ్వ చెప్పింది. రాసుకో."

"మీకు ఎరుక లేకుంటే ఎట్ల రాయాలమ్మా?"

"రాయి బిడ్డా, రాయి. ఇది నా కొడుకు ఆఫీసు లెక్క. తక్కువైతే వానికి మాటొస్తది. ఇంట్ల గూడ కనవడ్తుందనే చెప్తున్న. వాని మొఖం చూడక శాన దినాలాయె." ఆమె కొడుకు నిలబడ్డ వైపు తిరిగింది. "గేటు కాడ ఎవరో ఉన్నట్టున్నరు. వాచ్‌మనా? జర చెయ్యివట్టి ఆటో దాక తీస్కపో నాయినా."

మదన్ మోహన్ గారు చెయ్యి చాచారు. లలితమ్మ ఆ చేతిని పట్టుకుని, వేళ్లు తడిమింది.

"మదనూ, నువ్వా? ఆఫీసు టైముల గీడికెందుకొచ్చినవురా?" అంది కంగారుగా. "లెక్క తక్కువైందా?"

ఆయన తల్లిని కారులో కూర్చోబెట్టి, అటునుంచటే హైదరాబాద్ తీసుకుపోయారు. అక్కడి ప్రైవేటు దవాఖానలో అన్ని బుగ్గలూ వెలుగుతున్నాయి. ఆపరేషన్లు అయ్యాక, ముదిరిపోయిన ఎడమ కంటికి చూపు అంతంతమాత్రంగా వచ్చింది గానీ కుడి కంటికి బాగా కనిపిస్తోంది. "గిట్ల లావైనవేందిరా!" అన్నది ఆమె కొడుకును చూసి అన్న మొదటి మాట. మదన్ మోహన్ గారు ఏడ్చారట.

ఆయనను మెచ్చుకోమని ఇదంతా చెప్పానని అనుకుంటున్నారా? కాదు, ఖండించమని! వారం వారం క్రమం తప్పకుండా జాతీయోత్పత్తికి తోడ్పడుతున్న రెండు కళ్లను ఆయన చేజేతులా బాగుచేయించి పాడుచేశారు. మెదక్ అంకె ఆ వారమే తగ్గింది. పైనుంచి సంజాయిషీ అడిగితే "తాత్కాలికం" అని రాశారు. కనవడ్తుందా అన్న ప్రశ్న గురించి కావ్య మళ్లీ గుర్తు చేస్తే, పెద్దసార్లు వచ్చి, ఉన్న పద్ధతినే మెచ్చుకుని పోయారని ఆయన చెప్పారు. తల్లికి చూపొచ్చింది కదా, ఇంకా ఆ ప్రశ్నతో ఆయనకేం పని?

అయినా దేశం గురించి మీరు దిగులుపడకండి. యాదవ్వ ఉంది. ఆమెకు కారున్న కొడుకు లేడు. మొన్న కూడా గోడ పట్టుకుని గేటు దాకా వచ్చింది. సారు చూసిండా అని కావ్య అడిగింది.

"బూట్ల సప్పుడైతే అయింది బిడ్డా" అంది యాదవ్వ. "చూసే ఉంటడు. రాసుకో."