అగ్గిపెట్టెలో కోడిపేలు

కళ్లజోళ్ల షాపాయనకి లోకంలో కావలసింది ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం వెనక వరండాలో, చెక్కమంచం మీద, ఎవరూ లేపని నిద్ర. వారమంతా "ఈ అక్షరం కనిపిస్తోందా? పోనీ ఇది?" అని అడిగి అడిగి దవడలు నొప్పెట్టే మనిషికి అది పెద్ద కోరికేమీ కాదు. వీధిలో అందరూ ఆయన్ని జోళ్లాయన అంటారు. ఇంట్లో ఏమంటారో పరిస్థితిని బట్టి ఉంటుంది.

చిక్కల్లా ఆ వరండాని ఆనుకుని కోళ్ల గది ఉండటం. ఒకప్పుడది విరిగిన ఫ్రేములూ, పాత అట్టపెట్టెలూ పడేసే సామాన్ల గది. మనిషి వంగకుండా నిలబడొచ్చు, కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఆయన ఇల్లాలు ఆ సామానంతా బయట పారేసి, అడ్డంగా కర్రలు కట్టి, నేల మీద గడ్డి పరిచి కోళ్లని పెట్టింది. అన్నీ గోధుమరంగువే. ఏది ఏదో కన్నతల్లి కూడా చెప్పలేదు. వారమంతా ఎప్పుడు గుడ్డు పెడతాయో తెలియదు గానీ, ఆదివారం మాత్రం ఆయన కన్ను మూతపడగానే పెడతాయి. పెట్టిన కోడి ఊరంతా చాటింపు వేస్తుంది. పెట్టనివి దానికి వంత పాడతాయి.

"ఒక్క గుడ్డుకి ఇంత గోలేమిటే?" అన్నాడు ఓ రోజు లేచి కూర్చుని.

"మీరు ఒక్క జత జోళ్లు అమ్మి వచ్చిన రోజున నాకు ఎంతసేపు చెప్తారో మర్చిపోయారా?" అంది ఆవిడ.

ఆవిడతో వాదించి గెలిచిన చరిత్ర ఆయనకి లేదు. అందుకని వాదన మాని పథకం వేశాడు. ఆవిడ అక్కగారింటి వెనక బోలెడంత ఖాళీ స్థలం ఉంది. కోళ్లు అక్కడికి చేరితే ఇక్కడ నిద్ర దానంతటదే వస్తుంది. పంపించెయ్యమంటే ఆవిడ వినదు. పంపక తప్పదని ఆవిడకే అనిపించాలి. కోళ్లకి పేలు పట్టాయంటే సరి!

ఆ సాయంత్రం నుంచే గోక్కోవడం మొదలుపెట్టాడు. ముందు మెడ, తర్వాత వీపు, తర్వాత అందినచోటల్లా.

"ఏమైందండీ?"

"ఒళ్లంతా ఒకటే దురదే. కోళ్ల పక్కన పడుకున్నాను కదా, కోడిపేలు పట్టినట్టున్నాయి."

"కోళ్లు నిక్షేపంలా ఉన్నాయిగా. అవి గోక్కోకుండా మీరు గోక్కుంటారేం?"

"వాటికి చేతులుంటే కదా గోక్కోవడానికి!"

"కాళ్లున్నాయి, ముక్కుంది. మీకంటే బాగా గోక్కోగలవు."

అలా అందే గానీ, ఆవిడ మాటని గాలికి వదిలేసే మనిషి కాదు. ఒక్కొక్క కోడినీ ఒళ్లో పెట్టుకుని, రెక్కల కిందా తోక మొదట్లోనూ ఈకలు విడదీసి చూసింది. ఏమీ కనిపించలేదు. జోళ్లాయన షాపు నుంచి పెద్ద భూతద్దం తెచ్చి తానూ చూశాడు. అద్దంలో పళ్లెమంత కోడి కన్ను ఒకటి ఆయన్ని పై నుంచి కింద దాకా చూసింది. ఆయనే ముందు చూపు తిప్పుకున్నాడు.

"గుడ్లవ్వని అడిగొస్తానుండండి," అని చెప్పులేసుకుంది ఆవిడ.

గుడ్లవ్వంటే వీధి చివర గుడ్లు అమ్మే ముసలావిడ. ఈ కోళ్లు పిల్లలుగా ఉన్నప్పుడు అవ్వ దగ్గర కొన్నవే. ఇద్దరికీ అప్పటి నుంచీ ఒకటే కబుర్లు. ఒకే వీధిలో ఒకరిది కంటిగుడ్ల వ్యాపారం, ఇంకొకరిది కోడిగుడ్ల వ్యాపారం కనక మా మధ్య పోటీ లేదని జోళ్లాయన వచ్చిన వాళ్లందరితో అంటూ ఉంటాడు. ఎవరూ నవ్వరు.

"అసలు పగలు కోడి మీద వెతకడమే దండగట," అని తిరిగొచ్చింది ఆవిడ. "పగలంతా కర్రల సందుల్లో దాక్కుంటాయట. చీకటిపడ్డాక పైకెక్కి నెత్తురు తాగి, తెల్లారేసరికి మళ్లీ సందుల్లో దూరతాయట. కర్ర కిందవైపు తెల్లబట్టతో తుడిస్తే, ఉన్నాయా లేవా తెలిసిపోతుందట. ఉంటే ఎర్రటి మరకలు పడతాయి."

కర్రలన్నీ తుడిచింది. బట్ట తెచ్చి ఆయన ముఖం ముందు పరిచింది. దుమ్ము తప్ప మరకన్నది లేదు.

"ఈ బట్ట ఎక్కడో చూసినట్టుందే?"

"మీ చొక్కాయే. గోక్కుని గోక్కుని ఎలాగూ చింపుకుంటారని."

దాంతో జోళ్లాయనకి ఒకటి తేలిపోయింది. ఇక నటనతో లాభం లేదు, సాక్ష్యం కావాలి. పేలు లేకపోతే ఎక్కణ్ణుంచయినా తేవాలి.

ముందు ఊరి చివర కోళ్లఫారం యజమాని దగ్గరికి వెళ్లాడు. మర్యాదగానే అడిగాడు. "మీ ఫారంలో పేలున్నాయాండీ?"

యజమాని కుర్చీలోంచి లేచాడు. "మా ఫారంలో పేలా? ఎవడన్నాడు?"

"ఎవరూ అనలేదు. ఉంటే బావుణ్ణని..."

"ఒక్కటి చూపించవయ్యా! ఒక్కటంటే ఒక్కటి చూపించు!"

"నేనూ అదే అడుగుతున్నానండీ, ఒక్కటి చూపించమని."

తర్వాతేం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఫారం నుంచి షాపు దాకా నడిచి కాకుండా పరిగెత్తి వచ్చాడని మాత్రం పక్కనున్న సెలూనాయన చెప్పాడు.

ఇక మిగిలింది గుడ్లవ్వ. ఇల్లాలి నేస్తం దగ్గరికి ఈ పని మీద వెళ్లకూడదని బుర్ర ఉన్నవాడికెవడికైనా తోస్తుంది. ఆయన బుర్ర అప్పటికి పూర్తిగా పేల మీదే ఉంది.

"అవ్వా, నీ దగ్గర కోడిపేలు దొరుకుతాయా?"

అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎన్ని కావాలి నాయనా?"

ఈ ప్రశ్నకి ఆయన సిద్ధపడి రాలేదు. "ఓ... అగ్గిపెట్టెడు."

"ఏం చేసుకుంటావు?"

"మా కోళ్ల గదిలో వదలాలి. మా ఆవిడకి మాత్రం చెప్పకు."

"నాకెందుకు నాయనా మీ మొగుడూపెళ్లాల గొడవ," అని అవ్వ లోపలికెళ్లి, కాసేపటికి నూలుదారంతో గట్టిగా కట్టిన అగ్గిపెట్టె తెచ్చింది. "విప్పకు. విప్పావా, ఇక నీ తిప్పలు నీవి."

బదులుగా అవ్వ కళ్లజోడుకి ఊడిపోయిన మర బిగించి ఇచ్చి, అగ్గిపెట్టె చొక్కా జేబులో పెట్టుకుని షాపుకి వచ్చాడు. కూర్చున్న కాసేపటికే జేబు దగ్గర ఏదో పాకినట్టయింది. గోక్కున్నాడు. అక్కణ్ణుంచి భుజానికి పాకింది. గోక్కున్నాడు. ఇది మునుపటి నటనో నిజమో ఆయనకే తెలియలేదు. ఎదురుగా కూర్చుని అక్షరాలు చదువుతున్న ముసలాయన రెండో వరుసలో ఉండగా మోచెయ్యి గోక్కున్నాడు. ఫ్రేములు చూస్తున్న ఒకావిడ మెడ గోక్కుంది. ఆవిడ మొగుడు వీపు గోడకేసి రుద్దుకున్నాడు. క్షణంలో షాపు ఖాళీ.

సెలూనాయన తొంగిచూసి, "గుండు చేసి పంపమంటారా? హాయిగా ఉంటుంది," అన్నాడు.

ఇంటికి చేరగానే చొక్కా విప్పి మంచంకోడుకి తగిలించి, స్నానానికి పరిగెత్తాడు. కోళ్లు కర్రలెక్కి కుదురుకున్నాక పెట్టె విప్పి గదిలోకి విసిరెయ్యాలని ఆలోచన. తిరిగొచ్చి చూస్తే కోడు ఉంది, చొక్కా లేదు.

"నా చొక్కా ఏదే?"

"నానబెట్టాను."

"జేబులో... జేబులో ఏమైనా ఉందా?"

"ఏముండాలి?"

"ఏమీ ఉండకూడదు. ఊరికే అడిగా."

సబ్బునీళ్ల బకెట్లో వెతికాడు. చెత్తబుట్ట బోర్లించాడు. అగ్గిపెట్టె లేదు. అంటే ఎక్కడో పడి ఊడిపోయిందన్నమాట! అగ్గిపెట్టెడు పేలు ఇంట్లో స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. మంచంలో ఉన్నాయా, కోళ్ల దగ్గరికి చేరాయా, గోడల్లో దూరాయా? ఎవరిని అడగాలి? ఆయనకి ఏడుపొక్కటే తక్కువ. కోళ్లని వెళ్లగొడదామనుకుంటే, పిచ్చిది, నమ్మి కూర్చున్న పెళ్లాన్ని పేలపాలు చేశానే అని నిజంగానే బాధ కలిగింది.

ఆదివారం తెల్లవారగానే నడుం బిగించాడు.

"ఏమేవ్, కోళ్ల గది శుభ్రం చేస్తాను."

"మీరా?" అంది ఆవిడ. "పేలు లేవని చూశాంగా?"

"ఉన్నాయని నా మనసు చెప్తోంది."

"అయితే చెయ్యండి. మనసు మాట కాదనకూడదు."

కోళ్లని వరండాలోకి తోలారు. ఆయన నేల మీది గడ్డి అంతా ఎత్తి పెరటి మూల తగలబెట్టాడు. కర్రలు విప్పి మరిగే నీళ్లు పోశాడు. "సందుల్లోనండీ, సందుల్లో. పైపైన పోస్తే అవి స్నానం చేసి కూర్చుంటాయి," అని ఆవిడ పీట వేసుకుని చెప్తూనే ఉంది. జోళ్లకి మరలు బిగించే చిన్న మరతిప్పితో ఒక్కొక్క సందునీ గీకాడు. పగుళ్లలో కిరసనాయిలు రాశాడు. గోడలకి సున్నం కొట్టాడు. కోళ్లు పొర్లాడటానికి తొట్టెలో బూడిదా ఇసకా కలిపి పెట్టాడు. మిట్టమధ్యాహ్నమయ్యేసరికి గది తెల్లగా, ఆయన అంతకంటే తెల్లగా తయారయ్యారు. ఎడమచేత్తో సున్నం కొడుతూ కుడిచేత్తో గోక్కుంటూనే ఉన్నాడు.

ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. ఒక్క గుక్కలో సగం తాగాడు.

"ఎలా ఉంది?"

"అమృతం!"

"డబ్బాలో టీపొడి నిండుకుందండీ. అదృష్టం కొద్దీ మీ జేబులో అగ్గిపెట్టెలో ఉంటే అదే వేశాను."

గ్లాసు చేతిలోంచి జారింది. "అది టీపొడి కాదే!"

"మరేమిటి?"

"పేలు!"

"ఏం పేలు?"

"కోడిపేలే! నేనే తెచ్చాను! అడిగి మరీ తెచ్చాను!" అని పెరట్లోకి పరిగెత్తి, నోరు పుక్కిలించి, ఉమ్మి, పుక్కిలింతకీ పుక్కిలింతకీ మధ్య ఉన్నదంతా కక్కేశాడు. నిద్ర, పథకం, అక్కగారి ఖాళీ స్థలం, ఫారం యజమాని, గుడ్లవ్వ, ఏదీ దాచలేదు.

ఆవిడ అంతా విని, తన గ్లాసు ఎత్తి తాపీగా తాగసాగింది.

"తాగకే! నీకు దణ్ణం పెడతాను!"

"టీపొడేనండీ. పేలు కావాలని వచ్చినవాణ్ణి అవ్వ ఇంతవరకూ చూడలేదట. ఏం చెయ్యాలో తోచక టీపొడి పోసి కట్టిచ్చింది. మీరు షాపు మూసి ఇల్లు చేరేలోపే వచ్చి చెప్పి వెళ్లింది."

ఆయన మెడ గోక్కోబోయి ఆగాడు. "మరి నా దురద?"

"అది మీ సొంతం."

"మరి గదంతా ఎందుకు కడిగానూ?"

"సున్నం కొట్టి చాలా కాలమైందని నేను పోరుతూనే ఉన్నాగా. మీ మనసే చెప్పిందంటే మధ్యలో నేనెవర్ని?" అంది. తర్వాత గ్లాసు కిందపెట్టి, కాస్త మెత్తగా, "నిద్ర పట్టట్లేదని నాతో ఒక్క మాటంటే, ఆ కాసేపూ కోళ్లని ముందువైపుకి తోలనా?" అంది.

జోళ్లాయనకి నిజంగా సిగ్గేసింది. ఇంత చిన్న దారి ఉండగా అంత దూరం ఎందుకు తిరిగొచ్చాడో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఇక అంతా సుఖాంతమే అనుకున్నారు గానీ, కోళ్లని ఎవరూ అడగలేదు. సున్నం ఆరేదాకా వాటికి వరండాయే నివాసమైంది. ఆరాక గదిలోకి పొమ్మంటే పోవు. చెక్కమంచం పట్టె మీద వరసగా కూర్చుని కదలనన్నాయి. ఆయన ఒకదాన్ని ఎత్తుకెళ్లి గదిలో పెట్టి వచ్చేసరికి అది ఆయనకంటే ముందు మంచమెక్కి ఉండేది. అదే కోడో, వేరే కోడో తెలుసుకునే దారి లేదు. రెండు రోజుల్లో ఆ మంచం మనిషి పడుకునేలా లేకుండా పోయింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. ఆవిడ మాట ప్రకారం కోళ్లని ముందువైపుకి తోలింది. పడుకుందామంటే మంచం లేదు. ఆయన చాపా, దిండూ, తెల్లదుప్పటీ పట్టుకుని ఇల్లంతా తిరిగి తిరిగి, చివరికి కోళ్ల గదిలో తొంగిచూశాడు. చల్లగా ఉంది. తెల్లగా ఉంది. ఒక్క పేను లేదని ఒట్టేసి చెప్పగలడు, ప్రతి సందూ తానే గీకాడు. మూలకి చాప పరిచి దుప్పటి ముసుగు పెట్టాడు. పెళ్లయ్యాక అంత గాఢమైన నిద్ర ఎరగడు.

మెలకువ వచ్చేసరికి గది మసకమసకగా ఉంది. పై కర్రల మీద కోళ్లన్నీ వరసగా కూర్చుని కిందికి చూస్తున్నాయి. ఇన్నాళ్లూ రానన్నవి ఈరోజే ఎందుకొచ్చాయో, ఎప్పుడొచ్చాయో! లేచి తలుపు తోశాడు. రాలేదు. బయట గడియ పెట్టి ఉంది.

"ఏమేవ్!" అని అరిచాడు. "లోపల నేనున్నానే!"

"మీరా?" అంది ఆవిడ వంటింట్లోంచి, ఏమాత్రం తొందర లేకుండా. "లెక్కపెడితే ఒకటి ఎక్కువ వచ్చింది. పక్కింటివాళ్లది కలిసిపోయిందేమో, పొద్దున్న పంపిద్దామని గడియ పెట్టాను."

తలుపు మాత్రం వెంటనే తియ్యలేదు.