బండి లెక్క ప్రకారం సుదర్శన్‌కు స్పృహ లేదు

మనిషి నిప్పు కనిపెట్టిన తర్వాత అంతటి ఘనకార్యం ఏదైనా ఉందంటే అది బండికి బుద్ధి పుట్టించడమేనని పెద్దలు తేల్చారు. (ఏ పెద్దలని అడగకండి. షోరూంలో ఉంటారు.)

పూర్వం మన వరంగల్‌లో బండ్లకు బుద్ధి ఉండేది కాదు. తన్నితే లేచేవి, లేవకపోతే ఇంకోసారి తన్నించుకునేవి. ఎవరైనా సైడు స్టాండు తీయకుండా బయల్దేరితే, మట్టెవాడ నుంచి ఎనుమాముల దాకా ముక్కూమొహం తెలియని జనం "అన్నా, స్టాండు" అని చెప్పి పంపేవారు. జీతం భత్యం లేకుండా ఊరు ఊరంతా నడిపిన ఈ శాఖను ఆధునికీకరణలో భాగంగా రద్దు చేసి, బాధ్యతలన్నీ గోరంత సెన్సారుకు అప్పగించారు. స్టాండు దించి ఉందని దానికి తోస్తే ఇంజను లేవదు. ఎందుకలా తోచిందని అడిగే హక్కు యజమానికి లేదు.

మా గల్లీలో ఉండే సుదర్శన్ తన పాత బండిని ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి ఇలాంటి జ్ఞానిని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ ఆదివారం అతని భార్య యమునకు హన్మకొండలో సర్కారు కొలువు పరీక్ష. ఇంట్లో పవర్‌లూమ్ మోత ఆగని చోట, చెవుల్లో దూది పెట్టుకుని చదివిన పిల్ల. వయోపరిమితి ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. పరీక్షకు ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూసేస్తారు. (నోటిఫికేషన్ ఏళ్ల తరబడి ఆలస్యమైతే మూయడానికి ఏ గేటూ లేదు.)

మంచి పనికి పోతున్నామని సుదర్శన్ పొద్దున్నే బండిని పైపు పెట్టి కడిగి, పసుపు కుంకుమలు పెట్టాడు. లోపల తడిసిన సెన్సారు, స్టాండు దించే ఉందని నిర్ణయించింది. స్టాండు ఎత్తే ఉంది. గల్లీలో ఉన్నవాళ్లమంతా వంగి చూశాం. మా సాక్ష్యం చెల్లలేదు.

అప్పుడు సుదర్శన్ తండ్రి కొమురెల్లి వచ్చాడు. వయసంతా స్కూటర్ల మీదే గడిపిన మనిషి. లేవని బండిని ఓ పక్కకు వంచి, మళ్లీ లేపి తన్నాలన్నది ఆ తరం వైద్యం.

"జర పక్కకు ఒంచురా, పెట్రోల్ అందుతలేదు."

"బాపు, ఇది గట్ల ఒంచే బండి కాదు."

"పెట్రోల్ తాగే బండే గదరా," అంటూ కొమురెల్లి హ్యాండిల్ పట్టి బండిని నేలకు ఆనేదాకా వంచాడు.

బండి క్షణం ఆలోచించి, ఘోర ప్రమాదం జరిగిందని తేల్చింది. తనకు తానే తాళం వేసుకుంది. అత్యవసర నంబర్లుగా రాయించిన యమునకు, రఘునాథపల్లిలో ఉన్న ఆమె తల్లి బక్కమ్మకు "మీ ఆత్మీయులు ప్రమాదానికి గురయ్యారు" అని సందేశం పంపింది. ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేసేలోపే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది ప్రమాద స్పందన విభాగం సీనియర్ అధికారి శ్యాంసుందర్ గారు.

"ప్రమాదం లేదు ఏం లేదు సార్," అన్నాడు సుదర్శన్. "మా బాపు ఒంచిండు, గంతే. జర తాళం తీయుండ్రి, పరీక్షకు పోవాలె."

"మాట్లాడేది ఎవరండీ?"

"నేనే, సుదర్శన్‌ను."

"సారీ సార్. సిస్టం ప్రకారం సుదర్శన్ గారికి స్పృహ లేదు. స్పృహ లేని కస్టమర్‌తో మాట్లాడే పర్మిషన్ మాకు లేదు. నామినీకి ఇవ్వండి."

నామినీ యమున. హాల్ టికెట్ ఒక చేత, ఫోను ఒక చేత పట్టుకుంది.

"ఆయన నా ముంగటనే ఉన్నడు సార్. మంచిగనే ఉన్నడు."

"మీరు డాక్టరా మేడం?"

"కాదు."

"అలాగైతే ఆయన బాగున్నారని మీరు చెప్పకూడదు. బండి చెప్పాలి."

బండిని చూశాం. స్టాండు దించి ఉందని చెబుతోంది.

బుద్ధిమంత వాహనాల నియమావళి ప్రకారం, ప్రమాదం జరగలేదని నిర్ధారించాలంటే ప్రమాదం జరిగిన చోటును టెక్నీషియన్ పరిశీలించాలట. ఆయన బయల్దేరాడట. తాళం తెరిచే ఓటీపీ నామినీ ఫోనుకే వస్తుంది కనుక ఆమె కదలకూడదట.

"ఎంతసేపు సార్?"

"టూ మినిట్స్ మేడం."

యమున నిలబడింది. మళ్లీ అడిగితే మళ్లీ టూ మినిట్స్ అన్నారు. కంపెనీ వారి నిమిషం, పరీక్షల వారి నిమిషం ఒకే గడియారంలోవి కావని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పక్కనే ఉన్న నేనూ చెప్పలేదు. ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది.

"ఇగ నాతోని కాదు మామా," అని మామగారికి చెప్పి ఆమె మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి ఆటో ఎక్కింది. టెక్నీషియన్ కోసం సుదర్శన్ బండి దగ్గరే ఉండాల్సి రావడంతో తోడుగా నేను ఎక్కాను. మేము దిగేసరికి గేటు అప్పుడే మూశారు. గొళ్లెం మీద ఇంకా చెయ్యి తీయని ద్వార పర్యవేక్షకులు కిషన్ రావు గారు మంచివారు. ఊచల సందులోంచి అంతా ఓపిగ్గా విన్నారు. ఫోన్లో ప్రమాదం సందేశం కూడా చదివారు.

"ప్రమాదమైంది మీ ఆయనకు గద బిడ్డా. అభ్యర్థికి అయ్యుంటే పైకి రాసి చూసేటోన్ని."

యమున ఊచలు పట్టుకుని ఏడ్చింది. లోపల బెల్లు మోగింది. చేతిలో ఫోనూ మోగింది. ఎండకు సెన్సారు ఆరిందేమో, స్టాండు ఎత్తే ఉందని బండి ఒప్పుకుంది. టెక్నీషియన్ కూడా వచ్చి చూశాడట, ఓటీపీ వచ్చింది. దాని కింద కంపెనీ వారి శుభవార్త: "ప్రమాదంలో మీ బండికి ఏమీ కాలేదు."

యమునకు ఇక పరీక్ష రాసే వయసు లేదు. బండికి వారంటీ ఇంకా నాలుగేళ్లుంది.