పటంలోని పిల్లకు చలి

డిసెంబరు పొద్దున నిద్ర లేవగానే కూతురు షైనీ నుదురు రెండుసార్లు తడిమి చూసి, దానికి ఎర్ర స్వెటర్ తొడిగి, సలోమి ఆ రోజు పని మొదలుపెట్టింది. సున్నం ఆరిన గోడకు మేకు కొట్టి పటం తగిలించాలి, ఆ తర్వాత పప్పు నానబెట్టాలి. ఆ పటం బస్సు డిపోలో పనిచేసే భర్త నెహెమ్యా తెచ్చాడు. ఎవరో పాత బంగళా ఖాళీ చేస్తూ పారేయబోయారట. అమెరికా చిత్రకారుడు వేసిన పట్నం వీధి. మంచు కుప్పలు, గుర్రపు బండ్లు, బొంతల్లాంటి కోట్లలో జనం, ఓ మూలన పలచటి గౌనులో పూలమ్మే పిల్ల.

అత్త లీలమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"గంత మంచుల గీ పిల్లకు స్వెటర్ లేదేందే?"

"బొమ్మ గదా అత్తమ్మా."

"బొమ్మయితేంది, చూస్తే పానం ఒప్పుతలేదు."

అదే బెంగతో ఆమె చర్చిలో ఏడింటికి జరిగే స్త్రీల కూటానికి వెళ్లింది. ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు లేచి, "మా ఇంట్ల ఓ చిన్నపిల్ల స్వెటర్ లేక చలికి వణుకుతుంది, యాది చేసుకోండ్రి," అని కళ్లు మూసుకుంది. పటం మాట చెప్పాలని తట్టలేదు. ఆ ఇంట్లో చిన్నపిల్ల అంటే ఐదేళ్ల షైనీ ఒక్కతే అని కూటంలో అందరికీ తెలుసు.

ఎనిమిదింటికి కూటం నుంచి కృప ఒక స్వెటర్ తెచ్చింది. "మా పిల్లకు పొట్టిగైంది. ఏమనుకోకు సలోమీ."

ఏమనుకోవాలో తెలిసేలోపే ఇంకో ముగ్గురు వచ్చారు. కృప నోట విని పక్కింటి కుబ్రా బీ ఉన్ని టోపీ తెచ్చి, "ముందుగాల చెప్పొద్దా బేటీ, మేం పరాయోళ్లమా," అని నొచ్చుకుంది. తొమ్మిదికల్లా వాకిట్లో మంచం మీద పదకొండు స్వెటర్లు పడ్డాయి. డిపో నుంచి నెహెమ్యా ఫోన్ చేశాడు.

"పిల్లకు స్వెటర్ గూడ కొనలేదా అని మా డ్రైవర్ తిడుతుండు. మొన్ననే కొంటిమి గదనే?"

సలోమికి ఏడుపొచ్చింది. ఏడో తరగతిలోనే బడి మానిన తనకు పిల్లను పెంచడం ఒక్కటైనా చేతనవుననుకుంది. ఇప్పుడు అదీ చేతకాదని ఊరు ఊరంతా అనుకుంటోంది. అత్తను నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. వెంటనే వాకిట్లోని ఆడవాళ్లందరినీ పిలిచింది.

"స్వెటర్ లేనిది నా బిడ్డకు కాదు, లోపల పటంల ఉన్న పిల్లకు. మా అత్తమ్మ చెప్పింది గామె గురించే. రాండ్రి, మీ కండ్లతోనే చూడుండ్రి. చూసినంక ఎవలది వాళ్లు తీస్కపోండ్రి."

కృప నవ్వేసి తన స్వెటర్ చేతిలోకి తీసుకుంది. అందరూ లోపలి గదిలోకి నడిచారు.

గోడ మీద మంచు లేదు, బండ్లు లేవు, పూలమ్మే పిల్ల లేదు. పటాన్ని పైనుంచి కింది దాకా షైనీ ఎర్ర స్వెటర్ కప్పేసింది. పక్కన స్టూలు మీద చేతుల్లేని గౌనులో షైనీ, ముక్కు కారుతూ నిలబడి ఉంది.

"అక్కకు చలి పెడుతుందని నానమ్మ చెప్పింది," అంది.

కృప వెనక్కి వాకిట్లోకి వెళ్లి, చేతిలోని స్వెటర్‌ను మడతపెట్టి, మంచం మీద ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టింది.