తిన్నగా ఈదిన చేప

ఇలా దగ్గరికి జరగండి, చెవి కాస్త ఇటు పడేయండి. ఒక చేపకు ఒళ్ళు బాగుపడినందుకు ఒక ఇల్లు ఇల్లంతా ఎలా వణికిపోయిందో చెబుతాను.

ఆ ఇంటి కోడలిది కుట్టుపని. అత్తగారికేమో పంచప్రాణాలూ బుజ్జి అనే బంగారు చేప మీదే. పొట్టలో గాలితిత్తి చెడిపోయి, అది మూడేళ్ళుగా వెల్లకిలా తేలుతూనే బతుకుతోంది. నీళ్ళ పైకి తేలిన పొట్ట ఎండిపోకుండా అత్తగారు పూటపూటకూ తడి దూదితో అద్దుతుంది. కూతురింటికి వారం రోజులు వెళుతూ, ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి కోడలికి ఒక బాధ్యత అప్పగించింది.

"పశువుల డాక్టరు చెప్పినట్టే, ఉడికించి తొక్క తీసిన బఠాణీ, రోజుకొక్కటి. అంతే. ఎలా వదిలి వెళ్తున్నానో అలాగే ఉండాలి, అమ్మాయ్. దీనికేమన్నా అయిందో, ఈ జన్మలో నీకింకేదీ అప్పగించను."

కోడలు వారం రోజులూ లెక్క తప్పలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే లేచింది. అత్తగారు పది గంటల బస్సుకు దిగుతుంది. ఈలోగా తొట్టి నీళ్ళు మార్చి, రెండు చొక్కాలకు కాజాలు కుట్టేయాలనుకుంది. తొట్టి దగ్గరికి వెళ్ళి కొయ్యబారిపోయింది. చేప వీపు పైకీ పొట్ట కిందికీ పెట్టుకుని, లోకంలోని చేపలన్నిటిలాగే, లక్షణంగా ఈదుతోంది.

"ఏమండీ!"

గడియారాలు బాగుచేసే మొగుడు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు. తొట్టిలోకి చూసి గొంతు తగ్గించాడు.

"ఎప్పుడు పోయింది?"

"ఏది?"

"బుజ్జి. ఒక్క మాట చెప్తే కొత్తది తేవడానికి నేనూ వచ్చేవాణ్ణిగా."

"నేను తెచ్చానా! మీరే మార్చేసి నన్నంటారేం?"

తోక చివర బుజ్జికి మొదట్నుంచీ ఉన్న నల్లమచ్చ కనబడ్డాక గాని ఇద్దరి నోళ్ళూ మూతపడలేదు. అది బుజ్జే. నయమైపోయింది.

"మంచిదేగా!" అన్నాడు మొగుడు.

"ఏం మంచి? మీ అమ్మగారు నమ్మాలిగా! చేపను చంపి మారుచేపను పెట్టానని ఊరూవాడా చాటరూ?"

"మచ్చ చూపిద్దాం."

"ఆవిడకు సూది రంధ్రమే కనబడదు, ఈ మచ్చ కనబడుతుందా?"

ఎనిమిదిన్నర అయింది. వెల్లకిలా తేలే చేప మరోటి తెచ్చి పెడదాం, అమ్మకు సంగతి మెల్లగా నాలుగు రోజుల్లో చెబుదాం అని మొగుడు స్కూటరెక్కాడు. దుకాణంలో అడిగితే చేపలాయన ఎగాదిగా చూశాడు.

"ఇన్ని మంచివుండగా అదెందుకండీ?"

"మా అమ్మకి."

"పాపం, ఆవిడ మీకేం చేసిందండీ!" అంటూనే వెనక తొట్టిలో వెల్లకిలా పడున్నదాన్ని సంచిలో వేసి ఊరికే ఇచ్చేశాడు.

బుజ్జిని బకెట్టులో వేసి స్నానాలగదిలో దాచారు. కొత్తదాన్ని తొట్టిలోకి ఒంపారు. దారిలో కుదుపులకో ఏమో, అది ఒక్కసారి ఒళ్ళు విదిలించి తిన్నగా ఈదసాగింది.

"అక్కడ వెల్లకిలానే ఉందే!" మొగుడు తల పట్టుకున్నాడు.

"గడియారాలు బాగుచేస్తే చాలదూ? చేపల్ని కూడా బాగుచెయ్యాలా!"

అంతలో తలుపు చప్పుడైంది.

అత్తగారు సంచి కూడా దించకుండా తొట్టి మీదికి వంగింది. "ఇది నా బుజ్జి కాదు."

కోడలికి చెప్పడానికి అబద్ధాలేం మిగల్లేదు. బకెట్టు తెచ్చి ముందు పెట్టింది. "ఇదీ మీ బుజ్జి. నయమైంది అత్తయ్యా, ఒట్టు."

"ఇదీ కాదు. నా బుజ్జినేం చేశావు?"

నిజం చెప్పినకొద్దీ అబద్ధంలా వినబడే ఘడియ అది. మొగుడు తనకేమీ పట్టనట్టు గోడ గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు.

అత్తగారు కళ్ళు తుడుచుకుని బకెట్టు పక్కన కూలబడింది. "ఏ తల్లి కన్నదో, డొక్క ఎలా ఎండిపోయిందో!" అని సంచి అడుగున దాచుకున్న మేత డబ్బా తీసి చిటికెడు వేసింది. మరో చిటికెడు వేసింది. "బఠాణీతో ఎవరికి కడుపు నిండుతుంది? నా బుజ్జికి రోజూ చాటుగా ఇలాగే పెట్టేదాన్ని," అంటూ మూడోది కూడా వేసింది.

చేప ఆబగా అంతా మింగింది. కాసేపటికి పక్కకు ఒరిగింది. ఆ తర్వాత తాపీగా వెల్లకిలా తిరిగింది.

"అదిగో నా బుజ్జి!" అని అత్తగారు చప్పట్లు కొట్టింది. అంతలోనే ఆ చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ చేప వంక చూసింది, చేతిలోని డబ్బా వంక చూసింది, కోడలి వంక మాత్రం చూడలేకపోయింది.

డబ్బాను కోడలి చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉంచు, అమ్మాయ్. నేనడిగినా ఇవ్వకు."

ఇదీ జరిగింది. గుర్తుంచుకుని పదిమందికీ చెప్పండి. ఆ మూడో చిటికెడు సంగతి మాత్రం, అత్తగారు పక్కగదిలోకి వెళ్ళాక చెప్పండి.