మాటిచ్చిన ఇల్లు

ఆ ఆదివారం జగదీష్ మాస్టారి పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇల్లు కడిగించడం, పదింటికి వచ్చే మనిషికి ఇల్లు చూపించడం, మధ్యాహ్నానికి బేరం తేల్చుకోవడం, సాయంత్రం అడ్డతీగలలో ఉన్న భార్యకు ఫోన్ చేసి "అమ్మేశాను" అని చెప్పడం. వీటిలో ఇల్లు కడిగించడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

జగదీష్ అరకులో హైస్కూలు మాస్టారు. భార్య బేబి అడ్డతీగల ఆసుపత్రిలో నర్సు. కూతురు సాయిదుర్గ తల్లి దగ్గరే చదువుకుంటోంది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లాలంటే ఘాట్లన్నీ ఎక్కి దిగాలి, బస్సులు మారాలి, ఒక పగలంతా పోతుంది. ఐదేళ్లుగా వాళ్ల సంసారం ఆ బస్సుల్లోనే సాగుతోంది. సాయిదుర్గ దృష్టిలో నాన్నంటే నెలకు రెండుసార్లు స్వీట్ల పొట్లంతో దిగి, మర్నాడు మళ్లీ బస్సెక్కే చుట్టం. ఇన్నాళ్లకు ఆయనకు కూడా అటువైపు బదిలీ వచ్చింది. బడులు తెరిచేలోగా వెళ్లి చేరాలి. అక్కడ సంత వీధిలో యర్రమ్మ అనే పెద్దావిడ తన ఇల్లు వీళ్లకే ఇస్తానని మాటిచ్చి, అడ్వాన్సు కూడా తీసుకోకుండా ఏడాదిగా ఆపి ఉంచింది. అరకు ఇల్లు అమ్ముడుపోతే ఆ ఇల్లు వస్తుంది. ఆ ఇల్లు వస్తే ముగ్గురూ ఒక కప్పు కింద పడుకుంటారు. జగదీష్‌కు కావలసింది అంతే.

కాని అరకు ఇల్లు అమ్మకానికి పెట్టి రెండేళ్లయింది. చూసి మెచ్చుకోనివాళ్లు లేరు, కొన్నవాళ్లూ లేరు. ఏజెన్సీలో గిరిజనుడి ఇల్లు గిరిజనుడే కొనాలని చట్టం. చేతిలో డబ్బున్న గిరిజనులు కొద్దిమంది, ఆ కొద్దిమందీ విశాఖపట్నంలో అపార్టుమెంట్ల వైపు చూస్తున్నారు. చట్టం తెలియని టూరిస్టులు మాత్రం చలికాలమంతా వచ్చేవాళ్లు. వరండాలో నిలబడి కొండను చూసి, "వ్యూ బాగుందండీ" అని ఫొటోలు దిగి, బాత్రూం ఎక్కడుందని అడిగేవాళ్లు. మీరు కొనడం కుదరదని చెబితే, "ఎవడో ఒక ట్రైబల్ పేరు మీద పెట్టేద్దాం లెండి, మీకేం?" అనేవాళ్లు. తాము మాట్లాడుతున్నది ఆ ట్రైబల్‌తోనే అని వాళ్లకు తోచేది కాదు. జగదీష్‌కు ఒళ్లు మండేది. అయినా ఇంటికొచ్చిన మనిషి కదా అని టీ ఇచ్చి పంపేవాడు. రెండేళ్లలో ఆ ఇల్లు రూపాయి తెచ్చిపెట్టలేదు గాని పంచదార మాత్రం బాగానే తాగింది.

ఇదిగో, ఇన్నాళ్లకు అసలైన మనిషి తగిలాడు. పేరు సర్వేశ్వరరావు. అనంతగిరి వైపు కాఫీ, మిరియాలు పండించే గిరిజన రైతు. ఇద్దరు కూతుళ్లను అరకులో కాలేజీలో చేర్చాలని ఇల్లు వెతుకుతున్నాడు. ఫోన్‌లో ధర అడిగాడు. జగదీష్ చెప్పాడు. "సరే, ఆదివారం వత్తాను" అని పెట్టేశాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కాని శనివారం సాయంత్రం జగదీష్ జిరాక్సులు తీయించుకోవడానికి మోహన్‌కృష్ణ షాపుకు వెళ్లాడు.

మోహన్‌కృష్ణది ఎస్.కోట. జిరాక్సు షాపు నడుపుతూ, పక్కన ఇళ్ల బేరాలు కుదురుస్తుంటాడు. సంగతంతా విని పెదవి విరిచాడు.

"ఫోన్లో అందరూ సరే అంటారు మాస్టారూ. ఒచ్చేక సగానికి అడుగుతారు. ఎవులూ అడగని ఇల్లంటే ఎవులికైనా లోకువే. పక్కన ఇంకో పార్టీ కనబడాల. అప్పుడు సూడండి, బేరం ఆడకుండా బేగి తేల్సేత్తాడు."

"ఇంకో పార్టీని ఎక్కడి నుంచి తెమ్మంటావు?"

"తేవడమేటండీ? తయారు సెయ్యాల. మా కోటలో ఇళ్లన్నీ ఇలాగే అమ్ముడయ్యేయి."

చదువుకున్నవాడు కాబట్టి జగదీష్‌కు ఈ మాట వెంటనే నచ్చింది. పార్టీ వేషానికి ఆయన ఎంచుకున్నది బేబి తమ్ముడు కొండబాబును. టైడా స్టేషన్ దగ్గర టూరిస్టులకు జీపు నడుపుతాడు, అరకులో అతన్ని ఎరిగినవాళ్లు లేరు. ఎనిమిదో తరగతిలో నాటకంలో ఏడ్చి బహుమతిగా సబ్బుపెట్టె గెలిచాడు. ఆ పెట్టెలో ఇంతవరకు సబ్బు పెట్టలేదు, పాడైపోతుందని.

ఇద్దరూ కూర్చుని అంతా అనుకున్నారు. ఎదురుగా కనక అనే ఆవిడ కొత్తగా పెట్టిన హోటల్లో కొండబాబు ఇడ్లీ తింటూ కూర్చోవాలి. సర్వేశ్వరరావు ధర తగ్గించమంటే జగదీష్ వరండాలోకి వచ్చి తువ్వాలు దులపాలి. అది చూసి కొండబాబు రావాలి, ఇల్లు తనకు కావాలనాలి, కొంచెం ఎక్కువ చెప్పాలి. జగదీష్ మొహమాటపడాలి. సర్వేశ్వరరావు కంగారుపడి ఒప్పేసుకోవాలి.

సర్వేశ్వరరావు చెప్పిన వేళకే వచ్చాడు. గదులన్నీ తిరిగాడు, గోడల మీద అరచెయ్యి వేసి చూశాడు, నూతిలోకి తొంగిచూశాడు. ధర ఊసే ఎత్తలేదు. వరండాలోకి వచ్చి నవ్వాడు.

"మాకు నచ్చింది మాస్టారూ. కూకుని మాటాడుకుందాం."

ఐదేళ్ల బస్సులన్నీ ఒక్కసారిగా జగదీష్ కళ్లముందు ఆగిపోయాయి. అతిథిని కూర్చోబెట్టాలన్న తొందరలో కుర్చీ లాగి, దాని మీది దుమ్మును భుజం మీది తువ్వాలుతో టపటపా దులిపాడు.

హోటల్లో కొండబాబు ఇడ్లీ వదిలేసి లేచాడు. తెల్లచొక్కా, నల్లద్దాలు. ఇడ్లీలు తిన్నంతసేపూ డైలాగు గురించే ఆలోచించాడు. బావ రాసిచ్చిన "ఈ ఇల్లు అమ్ముతున్నారంట కదా" మరీ చప్పగా ఉందనిపించి, దాన్ని మెరుగుపరచుకుని వచ్చాడు.

"ఏటి మాస్టారూ ఇది? నిన్న నాకు మాటిచ్చి, ఇయాల ఇంకొకలికి సూపిస్తన్నారా?"

సర్వేశ్వరరావు సగం కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "మాటిచ్చేరా?"

"లేదు లేదు! మాటేం లేదు. ఊరికే అడిగాడంతే" అన్నాడు జగదీష్.

ఇది ముందు అనుకున్న మొహమాటమే అనుకున్నాడు కొండబాబు. బావ ఇంత బాగా చేస్తాడని అతనికి తెలియదు. తను తగ్గితే బాగుండదని కళ్లద్దాలు తీసి కళ్లనిండా నీళ్లు తెచ్చుకున్నాడు.

"ఊరికే అడిగేనా? మీ మాట నమ్మి జీపు అమ్మకానికెట్టేను మాస్టారూ! మా ఆడది పిల్లలకి కూడా సెప్పేసింది!"

జగదీష్ కన్ను గీటాడు. దగ్గాడు. చివరికి దగ్గరగా జరిగి కాలు తొక్కాడు. కొండబాబు తొక్కిన కాలు పట్టుకుని నేల మీద కూలబడి మరీ ఏడ్చాడు. ఈసారి నొప్పి కూడా కలవడంతో ఏడుపు చాలా సహజంగా వచ్చింది.

సర్వేశ్వరరావు మొహం మారిపోయింది. "తప్పు మాస్టారూ. పిల్లలికి పాటాలు సెప్పీవోరు. ఒకలికి మాటిచ్చిన ఇల్లు ఇంకొకలికి సూపించకూడదు. లే బాబూ, నేను ఎరక్క వచ్చేను. ఏటనుకోకు." కొండబాబును లేవనెత్తి, అతని చేతిని జగదీష్ చేతిలో పెట్టాడు. "నేను సాచ్చికం. ఈ ఇల్లు నీదే."

లోపల టీ మరుగుతూనే ఉంది. రెండేళ్లలో ఆ ఇంట్లో టీ తాగకుండా వెళ్లినవాడు ఆయనొక్కడే.

ఆయన మెట్లు దిగి వెళ్లగానే కొండబాబు కళ్లు తుడుచుకుని, "ఎలా సేసేను బావా? ఆయనక్కూడా కళ్లంట నీళ్లొచ్చేయి, సూసేవా?" అన్నాడు. జగదీష్ తువ్వాలు అతని మొహాన కొట్టాడు.

సర్వేశ్వరరావు బస్సు వచ్చేదాకా కనక హోటల్లో కూర్చున్నాడు. ఇల్లు ఎవరికో ఇచ్చేశారని చెప్పాడు. కనక ఆ మాట పెసరట్టుతో పాటు అందరికీ వడ్డించింది. మధ్యాహ్నానికి బేరం తేలడం అంటే ఇదే. సాయంత్రం జగదీష్ ఫోన్ చేయకముందే బేబి ఫోన్ వచ్చింది.

"అయిపోయిందంట కదండీ! ఎదురు హోటలామె, నేనొచ్చినప్పుడు నంబరు తీసుకుంది కదా, ఫోన్ చేసి చెప్పింది. ఎవరో తెల్లచొక్కా ఆయనంట. నాకు ముందు చెప్పకూడదా?"

"అది కాదు బేబీ, ఇంకా..."

"యర్రమ్మగారికి చెప్పేశాను. ఆవిడ తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టేసింది, డబ్బు తరవాతేలే అని. ఇక్కడే ఉన్నాం, ఆ ఇంట్లోనే. మీ గుంట, సాయిదుర్గ, ఏటి సేత్తందో తెలుసా? నాన్న మంచం ఇక్కడ అని నేల మీద సుద్దతో గీసేసింది. ఎవలినీ తొక్కనివ్వట్లేదు."

జగదీష్ నోటి దాకా వచ్చిన నిజం ఆ సుద్దగీత దగ్గర ఆగిపోయింది. "సరే, జాగ్రత్త" అని పెట్టేశాడు.

మర్నాడు ఇల్లు అమ్ముడుపోలేదని తనే నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాడు. దాంతో విషయం ఇంకా ముదిరింది. ఎవరో ఎక్కువ ధర ఇస్తామంటే మాస్టారు ఆ తెల్లచొక్కా అమాయకుడికి ఇచ్చిన మాట తప్పుతున్నాడని ఊళ్లో అనుకున్నారు. జీపు అమ్ముకున్నాడట పాపం అని కనక తలుచుకుని బాధపడింది. కొందామా వద్దా అని ఏడాదిగా ఊగుతున్న ఒక గుమాస్తా ఫోన్ చేసి, తాను తప్పుకుంటున్నానని, మాట మీద నిలబడమని హితవు చెప్పాడు. జగదీష్‌కు రెండే దారులు మిగిలాయి. మాట తప్పినవాడు అనిపించుకోవడం, లేదా దొంగ పార్టీని పెట్టినవాడు అనిపించుకోవడం. రెండు రోజులు తర్జనభర్జన పడి, నిజమే చెబుదామని కొండబాబు జీపులో సర్వేశ్వరరావు ఊరికి బయలుదేరాడు.

సర్వేశ్వరరావు ముందు చోడి అంబలి, అదే రాగి జావ, ఇప్పించాడు. తరువాత విన్నాడు. జగదీష్ చెప్పడం పూర్తయ్యాక జీపులో తలవంచుకుని కూర్చున్న కొండబాబు వైపు ఒకసారి చూశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నేను బేరం ఆడతానని భయపడ్డారా మాస్టారూ?"

జగదీష్ తల ఊపాడు.

"ధర ఫోన్లోనే సెప్పేరు కదా. నేను సరే అన్నాను కదా. నా మట్టుకు నేను అప్పుడే మాటిచ్చేసినట్టు. గోడలు సూద్దామని వచ్చేను, అంతే. డబ్బు కూడా తెచ్చుకునే వచ్చేను."

జగదీష్ అంబలి గిన్నె కింద పెట్టాడు. "పోనీ, ఇప్పుడైనా..." అన్నాడు.

"మర్నాడే పాడేరులో ఒకాయన ఇల్లు సూసి మాటిచ్చేను, పిల్లల్ని అక్కడే సేరుత్తాను. అది మీ ఇల్లంత బాగోదు. ఏటి సేత్తాం, మాటిచ్చేను కదా."

ఇలాంటి మనుషుల మధ్యే పుట్టి, వీళ్ల మాట మీద నమ్మకంతోనే ఏడాదిగా యర్రమ్మ ఇంటికోసం నిశ్చింతగా ఎదురుచూసి, తీరా తన వంతు వచ్చేసరికి జిరాక్సు షాపు మాట విన్నాడు జగదీష్. తిరుగు దారిలో ఘాట్ రోడ్డు మీద ఆయనకు ఏడుపొచ్చింది. కొండబాబు మెచ్చుకోలేదు.

బేబికి నిజం చెప్పడానికి ఆయన అడ్డతీగల దాకా వెళ్లాడు. ఆమె అంతా విని, "మా తమ్ముడా ఆ తెల్లచొక్కా?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రమే తాళంచెవి తీసుకువెళ్లి యర్రమ్మకు ఇచ్చేసింది. వీళ్లకోసం ఏడాదిలో ఇద్దర్ని వెనక్కి పంపిన యర్రమ్మ ఒక్క మాట కూడా తూలలేదు. తరువాతి సంతనాటికి ఇల్లు ఒక రేషన్ డీలరుకు ఇచ్చేసింది. సుద్దగీతలు డీలరు భార్య తుడిచిందట.

బడులు తెరిచేసరికి జగదీష్ అక్కడే చేరాడు. సంత వీధి వెనకాల ఒక రేకుల గది అద్దెకు తీసుకున్నారు. ముగ్గురూ ఒక కప్పు కింద పడుకోవాలన్న కోరిక తీరింది. వానాకాలంలో కప్పు కారే చోటు వదిలి పడుకోవలసి రావడంతో, మరీ దగ్గర దగ్గరగా కూడా పడుకున్నారు. మోహన్‌కృష్ణ మాత్రం మర్చిపోకుండా ఫోన్ చేశాడు. ఇల్లు అమ్ముడయిందని అరకంతా అంటోంది, మరి తన కమీషన్ మాటేమిటని.

ఖాళీగా ఉంటే ఇల్లు చెదలు పట్టిపోతుందని కొండబాబు పెళ్లాంపిల్లలతో అందులోకి మారాడు. అద్దె ఇస్తానని అతను అనలేదు, అడగడానికి జగదీష్‌కు నోరు రాలేదు. ఊళ్లో అందరూ అతను కొనుక్కున్నాడనే అనుకుంటున్నారు. అతని భార్య కాదనలేదు. ఆవిడ పుట్టింటివాళ్లు వచ్చి గుమ్మానికి మామిడాకులు కట్టి వెళ్లారు.

చలికాలం వచ్చింది. మంచు దిగిన ఒక ఉదయం జగదీష్ బడికి బయలుదేరుతుండగా కొండబాబు ఫోన్ చేశాడు. హుషారుగా ఉన్నాడు.

"బావా, నిన్న ఒకాయన ఇల్లు అడగడానికొచ్చేడు. మనోడే, హుకుంపేట. మంచి పార్టీ. ధర కూడా అడగలేదు, ఎంతైనా పర్లేదన్నాడు."

జగదీష్ చేతిలోని సంచి కింద పెట్టేశాడు. బేబి ఏమిటన్నట్టు చూసింది. "ఏం చెప్పావు?"

"మా అత్తోరందరూ ఇంట్లోనే ఉన్నారు బావా. ఆల్ల ముందు ఏటి సెప్పమంటావు? అమ్ముడైపోయిందని సెప్పేసేను. మాట తప్పీ మనుసులం కాదని గట్టిగానే సెప్పేను. ఆయన నిజంగా నమ్మీసేడు బావా!"

జగదీష్ కింద పెట్టిన సంచి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తరువాత, "టీ ఇచ్చి పంపావా?" అని అడిగాడు.